ముల్లు నిండుగానే ఉండాది

అణువిద్యుత్ కేంద్రాల భద్రత కోసం, గొట్టాల్లో ఆవిరీ నీళ్లూ కలిసి పారేటప్పుడు ఏమవుతుందో పరిశోధించడానికి ప్రభుత్వం వారు 1980లో మదనపల్లెను ఎంపిక చేశారు. అణు రియాక్టరును ఎల్లప్పుడూ చల్లగా ఉంచాలి. మదనపల్లె ఎల్లప్పుడూ చల్లగా ఉంటుంది. ఈ రెండింటికీ గల సంబంధాన్ని ఢిల్లీలో ఒక పెద్దాయన ఫైలు తెరవకుండానే గ్రహించాడని చెబుతారు. ఊటీ పేరు కూడా పరిశీలనకు వచ్చింది గాని, పరిశోధకులు చలికి రగ్గులు అడుగుతారేమోనన్న దూరదృష్టితో ఆ పేరు కొట్టేశారు.

ఊరి చివర ఒక పాత పట్టుగూళ్ల గోదాములో పరిశోధనాలయం వెలిసింది. బోర్డు రాయడానికి పెయింటరు సుభాన్‌ను పిలిపించారు. సుభాన్ చెయ్యి చక్కనిది, వినికిడి కాస్త తక్కువ. ‘ద్రవ వాయు ప్రవాహ పరిశోధనాలయం’ అని చెబితే ‘ద్రవ వాయు వివాహ పరిశోధనాలయం’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. బోర్డు దిద్దడానికి పైనుంచి అనుమతి వచ్చేలోగా చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం జాతకాలు పట్టుకుని వచ్చారు. ప్రభుత్వ కార్యాలయానికి వచ్చినవాళ్లను ఉత్త చేతులతో పంపడం పద్ధతి కాదు గనక గుమాస్తా వాటిని తీసుకుని రసీదులిచ్చాడు.

ఆ పరిశోధనాలయానికి అధికారీ పరిశోధకుడూ ఒక్కడే, డాక్టర్ వెంకటముని. సోమల దగ్గర కూలి చేసుకునే ఇంట పుట్టి, స్కాలర్‌షిప్పు మీద తిరుపతిలో చదివి, బొంబాయిలో డాక్టరేటు తెచ్చుకున్నవాడు. మనిషి మెతక. లెక్క తప్పితే మాత్రం అన్నం సయించదు. అలాంటివాణ్ని ప్రభుత్వం ఉద్యోగంలోకి ఎలా తీసుకుందని మీరు అడగవచ్చు. అప్పటికి ఆయన సంగతి ఎవరికీ తెలియదు.

వెంకటముని ఈ పనికి రావడానికి ఒక కారణం ఉంది. అంతకు ముందు సంవత్సరం అమెరికాలో ఒక అణుకేంద్రంలో ప్రమాదం జరిగింది. రియాక్టరును ఆపేసినా దాని కడుపులో వేడి ఆరదు. బూడిద కప్పిన కుంపటిలా లోపల కాలుతూనే ఉంటుంది. దాన్ని నీళ్లలో ముంచి ఉంచాలి. అక్కడ నీళ్లు పోతున్నాయి, ఆ చోట్లో ఆవిరి చేరుతోంది. కాని నీటిమట్టం చూపే పరికరం మాత్రం నిండుగా ఉన్నట్టు చూపింది. బాగా చదువుకున్న పనివాళ్లు ఆ ముల్లును నమ్మి, లోపలికి వచ్చే నీళ్లను తగ్గించారు. ఇంధనంలో సగం దాకా కరిగిపోయింది. ఇది చదివిన రోజు వెంకటముని అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. ముల్లు అబద్ధం చెప్పినందుకు కాదు. ఆ గదిలో ఉండి ఉంటే తానూ దాన్నే నమ్మేవాడినని ఆయనకు తోచింది.

గొట్టంలో గాలి ఎంత, నీళ్లు ఎంత, ఎప్పుడు బుడగలుగా పోతుంది, ఎప్పుడు ఆ బుడగలన్నీ ఒక్కటై గొట్టమంతా ఆక్రమిస్తుంది, అప్పుడు ముల్లు ఏం చూపుతుంది, ఇదంతా లెక్క కట్టగలిగితే అలాంటి ప్రమాదం మన దేశంలో జరగదని ఆయన ఆశ. పరిశోధనాలయానికి గాజు గొట్టాలు వచ్చాయి. గాలి కొట్టే కంప్రెసరు వచ్చింది. పంపు వచ్చింది. నీళ్లు మాత్రం రాలేదు. నీళ్లు స్థానిక విషయమని అణుశక్తి శాఖ వారు జవాబిచ్చారు. వెంకటముని ఏడాది పాటు ఉత్త గాలినే గొట్టాల్లోకి పంపి చూశాడు. ‘గాలికి సంబంధించినంత వరకు పరిశోధన ఫలితాలు ఆశాజనకం’ అని శాఖ వార్షిక నివేదికలో మెచ్చుకుంది.

ఆయన భార్య వరలక్ష్మి పుంగనూరులో టీచరు. కాపురం అక్కడే. వెంకటముని రోజూ బస్సులో మదనపల్లెకు పోయి వచ్చేవాడు. ఒకరోజు మొగుడి దిగులు చూడలేక ఆమె అంది:

“గాలీ నీళ్లూ కలిసి రావాలంటే అంత దూరం పోవడం యాల? మన వీధి కొళాయి కాడికి రండి. మీకు కావలసింది ఆడ ఊరికే వస్తాండాది.”

ఆ ప్రాంతానికి నీళ్లిచ్చే బాధ్యత మూడూళ్ల మంచినీటి బోర్డుది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, మూడు చోట్లా బోర్డు గొట్టాలు వేయించింది. మదనపల్లెలో పరిశోధనాలయం దాకా అవి రాలేదు. కుప్పంలో వాటికింకా కొళాయిలు బిగించలేదు. పుంగనూరులో మాత్రం అన్నీ ఉన్నాయి. కొళాయి తిప్పితే మొదట ఈల వేసేది. తర్వాత ముసలాయన మాదిరి దగ్గేది. గుక్కెడు నీళ్లు కక్కి, మళ్లీ ఈల వేసేది. వెంకటముని తన గాజు గొట్టం తెచ్చి దానికి తగిలించాడు. పుస్తకాల్లో బొమ్మలుగా చూసినవన్నీ కళ్లముందు వరసగా కదిలాయి. సన్న బుడగలు, వేలెడు బుడగలు, గొట్టం పట్టనంత గాలి మూట, దాని వెనకే తోసుకొచ్చే నీటి ముద్ద. ఆయన చిన్నపిల్లాడిలా గొట్టం ముందు గొంతుక్కూర్చున్నాడు. వెనక బిందెల వరుస ఉన్న సంగతే మరిచిపోయాడు.

వరుసలో ముందున్నది చెంగమ్మ. ఆ వీధిలో ఎవరి బిందె ఎవరి తర్వాతో తీర్పు చెప్పేది ఆమె.

“ఏమప్పా, నువ్వు సూసుకునేది అయిపోతే మేము బిందె పెట్టుకుంటాము,” అంది.

వెంకటముని సిగ్గుపడి గొట్టం తీసేశాడు. అప్పటికి నీళ్లు పోయి ఉత్త ఈలే మిగిలింది. చెంగమ్మ ఖాళీ బిందె చంకనెత్తుకుని, ఊరి బయట తోటలో ఉన్న బావి దారి పట్టింది. వెనకే సోడా అంగడి నూరుల్లా భార్య కమరున్నీసా, ఆమె వెనక తక్కిన ఆడవాళ్లు. వరలక్ష్మి కూడా. వెంకటముని ఆమె చేతిలోని రెండో బిందె అందుకుని వెంట నడిచాడు.

ఈ సంగతి బోర్డు అధ్యక్షుడు రంగప్ప చెవిన పడింది. తన కొళాయిల మీద ఢిల్లీ మనిషి ప్రయోగాలు చేస్తున్నాడని మొదట కంగారుపడి, వెంకటమునిని పిలిపించాడు. గాలీ నీళ్లూ కలిసి పారడం అంటే ఏమిటో ఆయనకు అర్థమయ్యేలా చెప్పడానికి వెంకటముని ఎదురుగా ఉన్న నూరుల్లా అంగడి నుంచి ఒక గోలీసోడా తెప్పించి కొట్టి చూపించాడు. అది ఆయన చేసిన పొరపాటు.

రంగప్ప సోడా తాగి, సీసా కిందపెట్టాడు.

“అంటే, గాలి కలిపిన నీళ్లే గదప్పా సోడా. దాన్ని జనం అంగట్లో కొనుక్కోని తాగుతాండారు. మేము కొళాయిలోనే ఇస్తాండాము. అయినా మమ్మల్నే తిడతాండారు సూడు,” అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి స్వచ్ఛమైన నీళ్లు, గాలి కలవనివి.

మరుసటి వారం ఊళ్లో చాటింపు వేశారు. ఇకమీదట కొళాయిలో గాలి వస్తున్నదని ఎవరూ అనరాదు. గాలి ఒక దశ, నీరు ఒక దశ గనుక ‘ద్విదశా ప్రవాహం’ అనవలెను. ఇది అణుశాస్త్రమునకు సంబంధించిన విషయము గనుక అపహాస్యము చేయువారు దేశభద్రతకు భంగము కలిగించినవారగుదురు. బడిపిల్లలకు ఈ అంశం మీద వ్యాసరచన పోటీ పెట్టారు. ‘నీరు మనిషికి దాహం తీర్చును, గాలి ప్రాణం పోయును, రెండూ ఇచ్చు కొళాయి తల్లివంటిది’ అని రాసిన పిల్లకు మొదటి బహుమతిగా బిందె ఇచ్చారు.

బోర్డు కార్యాలయం ముందు పెద్ద గొట్టానికి ఒక గేజీ ఉండేది. లోపలి ఒత్తిడిని అంకెల్లో చూపేది. అంకెలు జనానికి అర్థం కావని రంగప్ప దాని ముఖం మీద సుభాన్‌తో కొత్తగా రాయించాడు. ఎర్ర రంగులో ‘ఖాళీ’, పసుపులో ‘సగం’, పచ్చరంగులో ‘నిండుగా’. ఆ రోజు నుంచి ముల్లు పచ్చరంగు దాటి ఇవతలికి రాలేదు. నీళ్లు లేవని గొడవకు వచ్చినవాళ్లను అక్కడికి తీసుకుపోయి ముల్లు చూపించేవారు. చాలామంది ఖాళీ బిందెతో వచ్చి, ముల్లు చూసి, తృప్తిగా ఖాళీ బిందెతోనే వెళ్లేవారు.

వెంకటముని గొట్టం దారి పట్టుకుని ఊరి బయటి దాకా నడిచాడు. గొట్టం ఒక గుట్ట ఎక్కి దిగుతుంది. గుట్ట నెత్తిన గాలి చేరి ఇరుక్కుంది. పంపు అటునుంచి తోసే కొద్దీ ఆ గాలి బిగుసుకుంటుంది గాని నీళ్లకు దారివ్వదు. ముల్లు చూపుతున్నది ఆ గాలి బిగువును. లెక్క కట్టి చూస్తే సరిగ్గా సరిపోయింది. తన సూత్రం మొదటిసారి నిజమైనందుకు ఆయనకు సంతోషమూ, అది నిజమైన తీరుకు భయమూ ఒకేసారి కలిగాయి. పరుగున పోయి రంగప్పతో చెప్పాడు.

“ముల్లు చూపేది నీళ్లు కాదండీ. గాలి. గుట్ట మీద ఒక చిన్న వాల్వు పెట్టి గాలి వదిలేస్తే నీళ్లు వస్తాయి.”

“వాల్వు పెడితే ముల్లు ఏమైతాది?”

“కొంచెం దిగుతుంది.”

“అట్లయితే వద్దప్పా,” అన్నాడు రంగప్ప దయగా. “నువ్వు సదువుకున్నోడివి, నీకొక పక్షం ఉంటాది. నేను రాజకీయం సేసేవాణ్ని, నాకొక పక్షం ఉంటాది. ముల్లుకు ఏ పక్షమూ లేదు. దాని మాట కాదనడం మంచిది గాదు.”

ఇంతలో ఢిల్లీ నుంచి అణుభద్రతా సంఘం వారు వస్తున్నట్టు తంతి వచ్చింది. వెంకటముని లెక్కలను నిజమైన రియాక్టర్లకు వాడవచ్చో లేదో వారు తేల్చాలి. వారికి కాగితాలు చూపిస్తే చాలునని వెంకటముని అన్నాడు. అంత పెద్దవాళ్లకు కాగితాలు చూపించడం అవమానమని రంగప్ప అన్నాడు. చివరికి సంత మైదానంలో నమూనా రియాక్టరు కట్టాలని బోర్డు తీర్మానించింది. బెల్లం కాచే పొయ్యి ఒకటి తవ్వించి, నిండా బొగ్గులు పోసి, అందులో ఇనుప కడ్డీలు ఎర్రగా కాల్చారు. అదే రియాక్టరు గర్భం. దాని మీదికి బోర్డు గొట్టం, గొట్టానికి వాల్వు, పక్కనే కార్యాలయం ముందునుంచి తెచ్చిన పచ్చగేజీ. అంతా ఎండకు వాడిపోకుండా పైన తాటాకు పందిరి వేశారు.

అతిథులను పూర్ణకుంభాలతో ఆహ్వానించాలని, ఇంటికొక ఆడమనిషి నిండు బిందెతో రావాలని ఆజ్ఞ వెలువడింది. కొళాయిల్లో నీళ్లు లేవు గనక ఆడవాళ్లు తెల్లవారేలోగా తోటబావికి పోయి, ఆ రోజు వంటకు, తాగడానికి అని తోడుకున్న నీళ్లనే నెత్తిన పెట్టుకుని వచ్చి వరుసగా నిలబడ్డారు.

సంఘం వారు కుప్పంలో రైలు దిగి, జీపులో వెంకటగిరికోట మీదుగా ఎగిరెగిరి పడుతూ వచ్చారు. సంఘం పెద్ద నెరిసిన జుట్టాయన. దుమ్ము దులుపుకుని, పందిరి కింద కూర్చుని, నూరుల్లా ఇచ్చిన సోడా తాగాడు. రంగప్ప మైకు అందుకున్నాడు.

“మహాజనులారా. అమెరికావంటి ధనిక దేశంలో రియాక్టరు కరిగిపోయింది. ఎందుకు కరిగిపోయింది? వారికి మన బోర్డు లేదు గనుక. ఈనాడు మన పుంగనూరు కొళాయి ప్రపంచానికి భద్రత నేర్పబోతున్నది. ఈ నీటిధారను చూచి అణువు సైతం తల వంచుతుందని మనవి చేస్తున్నాను.”

వెంకటముని వేదిక ఎక్కి సంఘం పెద్ద దగ్గరకు పోయాడు. తప్పుకునే ఘట్టం దాటిపోయిందని ఆయనకు తెలుసు. గొట్టంలో ఇప్పుడున్నది గాలేనని, వాల్వు తిప్పితే బొగ్గుల మీద కొలిమితిత్తి పెట్టినట్టవుతుందని, పైన తాటాకులున్నాయని ఇంగ్లీషులో చెప్పాడు. పెద్దాయన గేజీ వైపు చూశాడు. ముల్లు పచ్చరంగులో ఉంది. అక్కడ ఏం రాసుందని పక్కవాణ్ని అడిగి తెలుసుకున్నాడు. తర్వాత వెంకటముని వైపు చూశాడు. వెంకటముని ముఖం మీద ఏమీ రాసిలేదు.

“మీరు బాగా అలసిపోయినట్టున్నారు,” అని భుజం తట్టి, వాల్వు తిప్పమని సైగ చేశాడు.

వాల్వు తిరిగింది. గొట్టం హోరుమంది. జనం చప్పట్లు కొట్టారు. పొయ్యిలో బొగ్గులు ఒక్కసారిగా తెల్లగా వెలిగాయి. నిప్పురవ్వలు లేచాయి. చల్లబడడం లేదని గమనించిన రంగప్ప, నీళ్లు చాలడం లేదనుకుని, ఇంకా తిప్పమన్నాడు. ఇంకా తిప్పారు. ఇంకా వెలిగాయి. మొత్తం తిప్పమన్నాడు. గుట్ట మీద ఇరుక్కున్న గాలి బోలెడంత ఉంది గనక ముల్లు ‘నిండుగా’ దగ్గరే నిలిచి ఉంది. దాన్ని చూసి ధైర్యం తెచ్చుకుని సంఘం వారు కుర్చీల్లోంచి లేవలేదు. పందిరి అంటుకుంది.

వెంకటముని దూకి వాల్వు పట్టుకున్నాడు. ఇనుము కాలిపోతోంది. అరచేతుల చర్మం దానికే అంటుకుంటున్నా తిప్పి కట్టేశాడు. ఆ హోరు ఆగిన నిశ్శబ్దంలో చెంగమ్మ గొంతు వినిపించింది.

“సూస్తా ఉండారేమే, పోయండి.”

ముందు ఆమె బిందె వంచింది. తర్వాత కమరున్నీసా. తర్వాత వరుసంతా. పొయ్యి మీద కొన్ని, పందిరి మీద కొన్ని. చివరి బిందె వరలక్ష్మిది. ఆమె దాన్ని మొగుడి చేతుల మీద పోసింది. మంట ఆరింది. సంఘం పెద్ద కనుబొమ్మలు తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. వెంకటముని చేతులు లెక్కలోకి రావు. అవి శాఖవే.

సంఘం వారు నివేదికను అక్కడే, పొగ తగ్గగానే రాశారు. అందులో ఇలా ఉంది: ‘ప్రధాన శీతలీకరణ వ్యవస్థ ఆద్యంతం నిండుగా చూపుట మిక్కిలి సంతృప్తికరం. దానికి తోడు, విద్యుత్తు గాని యంత్రాలు గాని అవసరం లేని ఒక స్థానిక అత్యవసర శీతలీకరణ వ్యవస్థ తనంతట తానే పనిచేసినది. ఇట్టి వ్యవస్థ ఏ ధనిక దేశంలోనూ లేదు.’ ఆ వ్యవస్థ అప్పటికి ఖాళీ బిందెలతో ఎండలో నిలబడి ఉంది.

మర్నాడు చెంగమ్మ బోర్డు కార్యాలయానికి పోయి, మీ మంట ఆర్పడానికి పోసిన నీళ్లు మాకు తిరిగి ఇప్పించండి, ఇంట్లో పిల్లోళ్లు దాహమంటాండారని అడిగింది. రంగప్ప నివేదిక చదివి వినిపించాడు. ఆమె ఇప్పుడు సామాన్యురాలు కాదని, జాతీయ స్థాయిలో ఒక వ్యవస్థ అని వివరించాడు. వ్యవస్థలకు దాహం వేయదు.

“మాకు ఆ పేరు వద్దప్పా, రెండు బిందెల నీళ్లు సాలు,” అని చెంగమ్మ అంది. ఆ మాటను వినయంగా భావించి చప్పట్లు కొట్టి పంపించారు.

వెంకటముని చేతులకు కట్లతోనే, వరలక్ష్మి చేత రాయించి, తన అసమ్మతిని ఢిల్లీకి పంపాడు. అందులో సూత్రాలు తీసేసి ఒక్క సంగతే చెప్పాడు. ముల్లు నిండుగా చూపినంత మాత్రాన నమ్మరాదు, మరోదారిన సరిచూసుకోవాలి. దీన్ని బుట్టదాఖలు చేస్తారని భార్యాభర్తలిద్దరూ అనుకున్నారు. అది అన్యాయం. ప్రభుత్వం ఆ సూచనను సగౌరవంగా అంగీకరించింది. ప్రతి గేజీనీ సరిచూడడానికి దాని పక్కనే అలాంటిదే మరో గేజీ బిగించాలని ఉత్తర్వు వచ్చింది. పుంగనూరులో బిగించారు. రెండు ముళ్లూ ఏకగ్రీవంగా నిండుగా చూపాయి.

ఈ విజయంతో బోర్డు తన పథకాన్ని కుప్పానికి పొడిగించింది. అక్కడి గొట్టాలకు ఎట్టకేలకు కొళాయిలు బిగించారు. నల్లరాతి పలక మీద రంగప్ప పేరు చెక్కించారు. గొట్టాల ఆ చివర చెరువు గాని బావి గాని లేదు. ఒక కంప్రెసరు ఉంది. మదనపల్లె పరిశోధనాలయాన్ని లక్ష్యం నెరవేరినందున మూసేసి, అక్కడి కంప్రెసరునే తెచ్చి పెట్టారు. పుంగనూరులో ఉన్నది రెండు దశల ప్రవాహం, కుప్పంలో ఒక్కటే దశ. శాస్త్రం దృష్ట్యా ఇది చాలా సులువు. వెంకటమునికి ‘శీతలీకరణ సలహాదారు’గా పదోన్నతి ఇచ్చి కుప్పానికే పంపించారు. వరలక్ష్మి కూడా బదిలీ చేయించుకుని వచ్చింది.

ప్రారంభోత్సవం నాడు పొద్దున్నే వీధి కొళాయి దగ్గర జనం వరుస కట్టారు. వరలక్ష్మి బడికి పోతూ, బిందె మొగుడి చేతికిచ్చింది.

“ఆ గొట్టంలో నీళ్లు ఉండే అవకాశమే లేదు. నేనే లెక్క కట్టాను,” అన్నాడు వెంకటముని.

“నాకూ తెలుసు. అయినా వరుసలో పెట్టండి. ఒకవేళ వస్తే?” అంది ఆమె.

వెంకటముని పోయి నిలబడ్డాడు. ముందు అంకయ్య అనే ముసలాయన ఉన్నాడు. వెనుదిరిగి ఈయన్ను చూసి గుర్తుపట్టి, ముఖం విప్పార్చాడు.

“మీరు ఆ నీళ్ల డాక్టరు గదా సామీ. ఈడ నీళ్లు రావని కొందరు అంటా ఉంటే పొద్దుట్నించీ అనుమానంగా ఉండాది. ఇంటికి పోదామనుకుంటాండా. మీరే వచ్చి నిలబడినారంటే ఇంకేమప్పా, తప్పకుండా వస్తాయి,” అన్నాడు.

ఆ మాట ముందుకీ వెనక్కీ పాకింది. వెళ్లిపోవడానికి బిందెలు ఎత్తుకున్నవాళ్లు మళ్లీ దించారు. సందుల్లోంచి ఇంకా జనం వచ్చి చేరారు. వెంకటముని నోరు తెరిచాడు. నీళ్లు రావని చెప్పాలనుకున్నాడు. కాని అది చెప్పిన మనిషి వరుసలోంచి తప్పుకోవాలి. తప్పుకుంటే చోటు పోతుంది. ఒకవేళ వస్తే?

కొళాయి తిప్పారు. సన్నగా, చక్కగా, ఏ దగ్గూ లేకుండా ఈల మొదలైంది. జనం చప్పట్లు కొట్టారు. వరుస ఒక్క అడుగు ముందుకు జరిగింది. వెంకటముని కూడా జరిగాడు.